వేలూరు బండలో దొరకదు, అరియలూరు మట్టిలో నిలవలేదు: రాతిపొరల్లో డైనోసార్ల కథ

వేలూరు, గుడియాత్తం వైపు మన ఇళ్ళలో డైనోసార్ సినిమా చూసిన పిల్లలు ఏదో ఒకరోజు తాతనో అవ్వనో అడిగే ప్రశ్న ఒకటుంది. మన పెరట్లో తవ్వితే డైనోసార్ ఎముక దొరుకుతుందా? దొరకదు. ఎంత లోతు తవ్వినా దొరకదు. ఆ మాట ఇంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నామో తెలిస్తే, ఎక్కడ దొరుకుతుందో కూడా తెలుస్తుంది. ఎముకలు దొరికిన చోట్లు మనకు రెండు వైపులా ఉన్నాయి. దక్షిణాన అరియలూరు, ఉత్తరాన గోదావరి లోయ. రెండు చోట్లా పనిచేసిన శాస్త్రవేత్తల్లో ఒకే పేరు కనిపిస్తుంది. ఆయన ఒకచోట తవ్వి తీసిన జంతువు ఇవాళ హైదరాబాదులో నిలబడి ఉంది. రెండోచోట దొరికినది, బతికి ఉండగా బహుశా భూమ్మీద నడిచినవాటిలో అతి పెద్దదైన జంతువు, పొడిపొడై పోయింది.

ముందు మన కాళ్ళ కింది రాయి సంగతి. రాయవేలూరు కోట గోడ, లోపల జలకంఠేశ్వరుడి గుడి స్తంభాలు, మన వంటింటి రుబ్బురోలు, బోరు వేసేటప్పుడు డ్రిల్లింగు బండిని ముప్పుతిప్పలు పెట్టే ఆ గట్టి బండ, అన్నీ దాదాపు ఒకే కుటుంబం. నైస్, చార్నోకైట్, గ్రానైట్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు వేర్వేరు పేర్లు పెడతారు. (చార్నోకైట్ అన్న పేరు కలకత్తాలో ఉన్న జాబ్ చార్నాక్ సమాధి రాయి నుంచి వచ్చింది. ఆ రాయి మన మద్రాసు పక్కనుంచి వెళ్ళిందే.) ఈ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. డైనోసార్లు భూమి మీద తిరిగింది సుమారు 23 కోట్ల ఏళ్ళ నుంచి 6.6 కోట్ల ఏళ్ళ కిందటి వరకు. మన బండ పుట్టేనాటికి డైనోసార్ మాట అటుంచి, ఎముక ఉన్న ప్రాణే లేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులే ఉన్నాయి. పైగా ఈ రాళ్ళు భూమి లోపల చాలా లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఉడికి తయారైనవి. అలాంటి కొలిమిలో ఎముక పడ్డా మిగలదు.

ఎముకను దాచిపెట్టే రాయి వేరే జాతి. అది నీళ్ళు మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు, బురద ఒకదానిమీద ఒకటి పేరుకుని, కింది పొర పై పొర బరువుకు నలిగి, నీటిలోని ఖనిజాలు జిగురులా పట్టి గట్టిపడిన రాయి. తెలుగులో అవక్షేప శిల అంటాం. పిల్లలు బడిలో తమిళంలో 'పడివుప్ పారై' అని చదివేది ఇదే. అందులో దొరికే 'పుదైపడివం' మన శిలాజం. 'తొల్లుయిరియల్' అంటే పురాజీవశాస్త్రం. ఇంట్లో పిల్లల చేత ఈ మూడు మాటలూ రెండు భాషల్లోనూ పలికిస్తే బాగుంటుంది.

పొర ఎలా పడుతుందో గుడియాత్తం వాళ్ళకు పాఠం చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో మోర్ధానా ఆనకట్ట నిండి పొర్లి కౌండిన్య నది ఊళ్ళోకి వచ్చినప్పుడు, నీళ్ళు తీసిన తరువాత మిగిలింది ఏమిటి? ముందు ముతక ఇసుక, దాని మీద సన్నని ఇసుక, అన్నిటికంటే పైన ఎండితే పెంకుల్లా పగిలే బురద. వేగంగా పారే నీరు బరువైనది మోయగలదు. నెమ్మదించే కొద్దీ ముందు బరువైనదాన్ని, చివరికి తేలికైనదాన్ని వదిలేస్తుంది. గంగమ్మ శిరసు తిరునాళ్ళకు మనం నిలబడే ఆ నది ఇసుకలో రెండడుగుల గుంట తీసి పక్క గోడను చూస్తే, రంగు మారే చారలు కనిపిస్తాయి. ఒక్కో చార ఒక్కో వరద. కిందిది ముందు వచ్చింది, పైది తరువాత వచ్చింది. ఇంత చిన్న సంగతిని సూత్రంగా రాసి పెట్టినవాడు నికోలస్ స్టీనో అనే డెన్మార్క్ దేశస్థుడు, 1669లో. ప్రపంచంలోని భూగర్భ పటాలన్నీ ఆ సూత్రం మీదే నిలిచి ఉన్నాయి.

పొర పడినంత మాత్రాన అందులో శిలాజం ఉంటుందనుకోకూడదు. ఒక మేక బీడులో చచ్చిపడిందనుకోండి. కుక్కలు, కాకులు, పురుగులు, ఎండ, వాన కలిసి కొద్ది కాలంలోనే ఎముకలు కూడా లేకుండా చేస్తాయి. అదే మేక వరదలో కొట్టుకుపోయి, వంకర తిరిగిన చోట బురదలో పూడుకుపోతే కథ మారుతుంది. గాలి తగలదు, కుళ్ళే పని నెమ్మదిస్తుంది, మెత్తని భాగం పోయినా ఎముక మిగులుతుంది. ఎముక చూడడానికి గట్టిగా ఉన్నా లోపల సన్నని రంధ్రాల జల్లెడ. భూమిలో ఊరే నీరు ఆ రంధ్రాల్లోకి సున్నం, సిలికా, ఇనుము లాంటి ఖనిజాలను తెచ్చి నింపుతుంది. కొన్నిచోట్ల అసలు ఎముక కూడా కొంచెం కొంచెంగా కరిగి, ఆ స్థానంలోకి ఖనిజం వస్తుంది. ఆకారం మారదు, లోపలి జల్లెడ గీతలు కూడా మారవు, కానీ బరువు రాయిది. చివరకు భూమి పైకి లేచి, పై పొరలు వానకు అరిగిపోయి, ఆ ఎముక అంచు బయటపడాలి. అది బయటపడిన కాలంలో అటువైపు తెలిసినవాడు ఒకడు నడవాలి. ఈ మెట్లలో ఒక్కటి తప్పినా మనకు దక్కదు. చివరి మెట్టు గురించి పుస్తకాలు తక్కువ చెబుతాయి. మన దక్షిణాది కథలో అసలు దెబ్బ తగిలింది అక్కడే.

డైనోసార్ల కాలపు శిలాజాన్ని మనలో చాలామంది చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నారు. దేవుడి గదిలో సాలగ్రామం ఉన్న ఇళ్ళు మనలో తక్కువేమీ కాదు. నేపాల్ గండకీ నది నుంచి వచ్చే ఆ నల్లరాళ్ళలో కనిపించే చక్రం అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల ముద్ర. హిమాలయాలు లేవకముందు, అక్కడ సముద్రం ఉన్న రోజుల్లో, డైనోసార్లు నేల మీద తిరుగుతున్న కాలంలోనే ఆ జీవి ఈదింది. సముద్రపు అడుగు బురదలో పూడి రాయి అయింది. పూజకూ దీనికీ తగవు పెట్టనక్కర్లేదు. కొన్ని కోట్ల ఏళ్ళ వయసున్న వస్తువును తరతరాలుగా జాగ్రత్తగా ఒత్తిలో పెట్టి కాపాడుకొస్తున్న ఇళ్ళు మనవి అని మాత్రం ఈ వ్యాసంలో చెప్పుకోవచ్చు.

వేలూరు నుంచి మద్రాసు దారిలో వెళ్ళే కొద్దీ బండల దేశం అయిపోయి పొరల దేశం మొదలవుతుంది. శ్రీపెరంబూదూరు పరిసరాల్లోనూ, సరిహద్దు దాటితే సత్యవేడు వైపునా ఉన్న బంకరాళ్ళు, ఇసుకరాళ్ళు డైనోసార్ల కాలం నాటివే. అక్కడ ప్రధానంగా దొరికేవి ఆకుల ముద్రలు. ఈత, ఫెర్న్ ఆకుల్లా కనిపించే ఆ కాలపు మొక్కల ఆకులు రాతి మీద అచ్చు గుద్దినట్టు ఉంటాయి. వేలూరుకు దగ్గరలో ఆ కాలాన్ని చేత్తో తాకగలిగే చోటు అది. రోజూ వేల బస్సులు దాని పక్కనుంచే పోతుంటాయి.

ఇంకా దక్షిణానికి, పెరంబలూరు, అరియలూరు జిల్లాలకు వెళ్తే కథ ముదురుతుంది. అక్కడ పడమటి అంచున మన వేలూరు బండలాంటి పాత రాయే ఉంటుంది. దాని మీద సముద్రం వచ్చి పేర్చిన పొరలు కొద్దిగా తూర్పుకు వాలి ఉన్నాయి. వరుసగా పేర్చిన పెంకులు ఒక పక్కకు వాలినట్టు. అందుకే పడమర నుంచి తూర్పుకు నడిస్తే కాలంలో ముందుకు నడిచినట్టే. ముందు ఉత్తట్టూరు పొరలు, తరువాత తిరుచ్చి పొరలు, ఆపైన అరియలూరు పొరలు. 1862లోనే హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ సర్వే అధికారి ఈ వరుసను పటం గీసి అచ్చు వేయించాడు. కారై దగ్గర పొలాల మధ్య ఎర్రగా, బూడిదగా కోసుకుపోయిన బంకమట్టి గుట్టల్లో అమ్మోనైట్లు, తుపాకి గుండు ఆకారంలో ఉండే బెలెమ్నైట్లు దొరికాయి. సాత్తనూరులో 18 మీటర్ల పొడవు చెట్టు మాను రాయిగా మారి పడి ఉంది. దాని వయసు దాదాపు 12 కోట్ల ఏళ్ళని భారత భూగర్భ సర్వే లెక్క. ఒడ్డున పెరిగిన చెట్టు సముద్రంలోకి కొట్టుకొచ్చి బురదలో పూడిందన్నమాట. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించదగ్గ చోటు. అరియలూరు దగ్గర వారణవాసిలో శిలాజాల మ్యూజియం కూడా ఉంది.

తూర్పుకు వచ్చే కొద్దీ సముద్రం వెనక్కి తగ్గింది. డైనోసార్ల కాలం ముగింపుకు వస్తున్న రోజుల్లో, సుమారు 7 కోట్ల ఏళ్ళ కిందట, అక్కడ నదులు పారి ఇసుకా బంకమన్నూ పోశాయి. ఆ పొరకు కల్లమేడు అనే ఊరి పేరు పెట్టారు. దాని పైనున్న నిణియూరు సున్నపురాయి పొర డైనోసార్లు పోయిన తరువాతిది. అంటే ఆ కొద్ది మైళ్ళలోనే ఒక యుగం ముగిసి ఇంకొకటి మొదలైంది.

కల్లమేడు దగ్గరే భారత భూగర్భ సర్వేకు చెందిన పి. యాదగిరి, కె. అయ్యసామి కొన్ని పెద్ద ఎముకలు తవ్వారు. 1980ల చివర్లో వాటికి బృహత్కాయోసారస్ మాట్లేయి అని పేరు పెట్టారు. బృహత్కాయం అంటే ఏమిటో తెలుగువాడికి విడమరచి చెప్పాల్సిన పనిలేదు. మాట్లేయి అన్నది అంతకు ముందు తరంలో జబల్పూరులోనూ ఈ తిరుచ్చి ప్రాంతంలోనూ డైనోసార్లను వెతికిన ఛార్లెస్ మాట్లీ జ్ఞాపకార్థం. దొరికినవాటిలో ఒక కాలి ఎముక, మోకాలి కింది ఎముక, 2 మీటర్ల పొడవు. నిలబెడితే మన ఇంటి తలుపు ఎత్తు, ఒక్క ముంగాలు ఎముకే.

మొదట దాన్ని మాంసాహారి డైనోసార్ అనుకున్నారు. తరువాత పొడవు మెడ, ఏనుగు కాళ్ళు ఉన్న శాకాహార జాతిది అన్న అభిప్రాయం బలపడింది. అసలు ఎముకే కాదు, సాత్తనూరులో ఉన్నట్టు రాయిగా మారిన చెట్టు మానై ఉంటుందని కూడా కొందరు శంకించారు. ఆ శంక తీర్చడానికి చేయవలసిన పని ఒక్కటే, ఎముక తీసి చూపించడం. అదే కుదరలేదు. ఆ ఎముకలు తవ్విన చోటే విచ్చుకోవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు లేవు. కారణం ఆ మట్టి. కల్లమేడు బంకమన్ను వానకు తడిసి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మన పొలాల్లో నల్లరేగడి నెర్రెలు విచ్చినట్టే. ఎముక లోపలికి చేరిన మట్టి ఏటా ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటే ఎంత పెద్ద ఎముకైనా లోపలి నుంచి చిట్లుతుంది. 7 కోట్ల ఏళ్ళు భూమిలో ఓపికగా ఉన్నది, పైకి వచ్చాక కొద్ది కాలం కూడా ఓర్చుకోలేకపోయింది.

మిగిలినవి రాతలు, గీసిన బొమ్మలు, కొన్ని ఫోటోలు. 2022లో అయ్యసామి ఇంకొక పరిశోధకుడితో కలిసి ఆ పాత ఫోటోలను ప్రచురించాక, అది నిజంగా ఎముకేనని ఒప్పుకునేవారు పెరిగారు. 2023లో ఇద్దరు పరిశోధకులు ఆ కొలతలను బట్టి జంతువు బరువు 110 నుంచి 130 టన్నులు ఉండవచ్చని అంచనా వేశారు. ఇరవై ఏనుగులను ఒక్కచోట నిలబెట్టినా సరిపోదు. అంచనా ఎక్కువో తక్కువో తేల్చే మార్గం మాత్రం ఇప్పుడు లేదు, అక్కడ మళ్ళీ ఏమైనా దొరికితే తప్ప.

ఇదే యాదగిరి పేరు ఉత్తరాన ఇంకో కథలో ఉంది. అప్పటి ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో 840 ఎముక భాగాలు బయటపడ్డాయి. కనీసం 12 జంతువులవి. 1988లో ఆయన దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. సుమారు 9 మీటర్ల పొడవు. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉన్నది ఇదే. బంధువుల పెళ్ళికో పనికో హైదరాబాదు వెళ్ళేవాళ్ళు చార్మినార్ చూసి వచ్చేస్తారు. ఒక పూట దీనికి కేటాయిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

కోట అన్నది ప్రాణహిత ఒడ్డున సిరొంచ దగ్గరున్న ఊరు. ఆ ఊరి పేరే అక్కడి రాతిపొరకూ, దాని మీదుగా ఈ జంతువుకూ వచ్చింది. సిరొంచ మహారాష్ట్రలో ఉన్నా తెలుగు బాగా వినిపించే ఊరు, అంటే మనలాగే గీతకు అవతల పడ్డవాళ్ళు. ఆ తాలూకాలోనే పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) 1961లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకు ఇంకా పెద్ద జంతువు దొరికింది. సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి, తొడ ఎముక 1.7 మీటర్లు. ఎముకల మధ్య పెద్ద చెట్ల మానులు కూడా ఉన్నాయి. పెద్ద వరదలో మంద మొత్తం కొట్టుకుపోయి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. అది రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి బరాపాసారస్ టాగోరై అన్నారు. 'బరా పా' అంటే పెద్ద కాలు. కలకత్తాలో ఆ సంస్థ మ్యూజియంలో ఉంది. కోటాసారస్‌కైనా, దీనికైనా తల దొరకలేదు. పుర్రె ఎముకలు పల్చన, వరదలో ముందు విడిపోయేవి అవే.

గోదావరి లోయ మొత్తం నేల కుంగి ఏర్పడిన పెద్ద గాడి. కోట్ల ఏళ్ళపాటు నదులు దాన్ని నింపుతూ వచ్చాయి. అడుగున ఉన్నది మనందరికీ తెలిసిన సింగరేణి బొగ్గు, 25 కోట్ల ఏళ్ళకు పైబడిన అడవుల పొర. బొగ్గు డైనోసార్ల నుంచి వచ్చిందని కొందరు అనుకుంటారు. అది వాటికంటే పాతది, చెట్ల నుంచి వచ్చింది. బొగ్గు మీది పొరల్లో మాలేరి, ధర్మారం, ఆపైన కోట. ఆ పొరల్లో దొరికిన డైనోసార్ల పేర్లు వినండి. ఆల్వాకేరియా మాలేరియెన్సిస్, లాంప్లగ్‌సారా ధర్మారమెన్సిస్, జక్లపల్లిసారస్, నంబాలియా. లాటిన్ ముసుగు తీస్తే మాలేరి, ధర్మారం, జక్లపల్లి, నంబాల. ఏ పల్లెటూరి బస్సు బోర్డు మీదైనా కనిపించే పేర్లు ఇవాళ లండన్‌లోనూ బ్యూనస్ ఎయిర్స్‌లోనూ పుస్తకాల్లో ఉన్నాయి.

ఒక చోట నిలిచి, ఇంకో చోట ఎందుకు పోయింది? ఆదిలాబాదు వైపు ఎముకలు గట్టిగా రాయి అయి ఉన్నాయి, వందల సంఖ్యలో దొరికాయి, తవ్వకం ఏళ్ళపాటు సాగింది. కల్లమేడులో ఎముకలు పెళుసు, మట్టి చెడ్డది, దొరికినవి కొద్ది. పెళుసు ఎముకను తీసే పద్ధతి చాదస్తంగా ఉంటుంది. చుట్టూ మట్టి తీసి, జిగురు ద్రవం ఇంకించి, తడి కాగితం కప్పి, విరిగిన చేతికి డాక్టరు వేసినట్టు గోనెపట్టాతో ప్లాస్టర్ కట్టు వేసి, మట్టితో సహా ఎత్తాలి. 2 మీటర్ల ఎముకకు అంత కట్టూ వేసి, కార్తీక వానలు రాకముందే లారీ ఎక్కించడం మామూలు పని కాదు. కల్లమేడు మట్టి మళ్ళీ పూర్తిగా వట్టిపోలేదని చెప్పే సంగతి ఒకటుంది. తరువాతి కాలంలో పరిశోధకులు అదే పొర మట్టిని జల్లించి ట్రూడాంటిడ్ అనే చిన్న, చురుకైన డైనోసార్ పన్ను ఒక్కటి పట్టుకున్నారు. 2013లో దాని వివరాలు అచ్చయ్యాయి. అతి పెద్దది పోయింది, బియ్యపు గింజల మధ్య వెతికినట్టు వెతికిన పన్ను నిలిచింది.

అరియలూరు పొరల్లోని సున్నపురాయి సిమెంటుకు కావాలి. గనులు ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. గని తవ్వితేనే కొన్ని పొరలు కంటబడతాయి, గని తవ్వకం వల్లనే చాలా శిలాజాలు క్రషర్ పాలవుతాయి. రెండూ నిజమే. ఆ గనుల్లో, లారీల్లో, కాంట్రాక్టుల్లో పనిచేసే తెలుగువాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ఒక మాట చెప్పాలి. 2020 అక్టోబరులో పెరంబలూరు జిల్లా కున్నంలో చెరువు పూడిక తీస్తుంటే గుండ్రని పెద్ద రాళ్ళు బయటపడ్డాయి. డైనోసార్ గుడ్లని ఫోన్లలో ఊరూరా తిరిగింది. జనం ఎగబడ్డారు. శాస్త్రజ్ఞులు చూసి అవి గుడ్లు కావని తేల్చారు. సముద్రపు అడుగున అమ్మోనైట్ లాంటి జీవి చుట్టూ ఖనిజం ఉండలా పేరుకున్న రాళ్ళు అవి. నిజమైన గుడ్డు శిలాజానికి పైన వేరే రంగులో సన్నని పెంకు పొర ఉంటుంది, దాని మీద గాలి పోయే సన్నని రంధ్రాలుంటాయి. గుండ్రంగా ఉండడం ఒక్కటే గుర్తు కాదు.

కాబట్టి ఆ జిల్లాల్లో గానీ, శ్రీపెరంబూదూరు వైపు గానీ మీకు, మీవాళ్ళకు వింతైన రాయి కనిపిస్తే పెకలించకండి. ఏ పొరలో, ఏ లోతులో ఉందో తెలిస్తేనే దాని వయసు తెలుస్తుంది. ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టిన మరుక్షణం అది ఉత్త రాయి. పక్కన ఒక స్కేలో, నాణెమో పెట్టి ఫోటో తీయండి, దూరం నుంచి చుట్టూ నేల కనిపించేలా ఇంకొకటి తీయండి, ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకోండి. చెన్నైలోని భారత భూగర్భ సర్వే కార్యాలయానికో, దగ్గరి కాలేజీ భూగర్భ శాస్త్ర విభాగానికో చెప్పండి. వానాకాలమైతే చెప్పడం ఆలస్యం చేయకండి. పైన ఒక పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి రావచ్చు.